మిద్దె మీద బ్లూబెర్రీ: రెండో సీజన్‌లో పందిరి నేర్పింది

తిరుపతిలో మా మిద్దె మీద బ్లూబెర్రీకి ఇది రెండో సీజన్. మొదటి ఏడాది వచ్చిన పూతనంతా గిల్లేశాను, ముందు వేళ్లు బలపడాలని. ఈసారి కాయ నిలబెట్టి, ఒకే వయసున్న మూడు బిలాక్సీ రకం మొక్కల్ని మూడు చోట్ల పెంచి చూశాను. ఒకటి ఆరుబయట. ఒకటి 50 శాతం షేడ్‌నెట్ కింద. మూడోదానికి పీవీసీ పైపులతో చట్రం కట్టి, పైన 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీటు కప్పి, పక్కలకు పైకి చుట్టగలిగే షీట్లు వేలాడదీశాను. దీన్నే పందిరి అంటున్నాను. పరాగం కోసం పక్కనే మిస్టీ అనే ఇంకో రకం బ్లూబెర్రీ మొక్క.

చాలా రకాల బ్లూబెర్రీలకు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి. మనకు సంక్రాంతి ముందు రాత్రుల్లో కూడా అంత చలి పడదు. బిలాక్సీ 1998లో అమెరికా వ్యవసాయ శాఖ విడుదల చేసిన రకం, చలి పెద్దగా అడగదు. వెచ్చని చోట ఆకు రాల్చకుండానే పూస్తుంది.

కుండీలన్నీ 40 లీటర్ల గ్రో బ్యాగులు. ఉప్పు పోయేలా మూడుసార్లు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు), కొంచెం పైన్ బెరడు ముక్కలు. మన ఎర్రమట్టి అస్సలు కలపలేదు. ఈ మొక్క వేళ్లు దారాల్లా సన్నగా ఉంటాయి, వేరు నూగు ఉండదు, గట్టి మట్టిలోకి చొరబడలేవు. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్, కొద్దికొద్దిగా.

జూలైలో కొమ్మలు కత్తిరిస్తే నవంబర్‌కు పూత మొదలైంది. 2024 నవంబర్ ఆఖర్లో ఫెంగల్ తుపాను వానలు పట్టుకున్నాయి. ఆరుబయట మొక్క గుత్తులు తడిసి గోధుమరంగుకు తిరిగాయి, వాటి మీద బూడిద బూజు కనిపించింది. సగం పూత పోయింది. పందిరి కింద ఒక్క పువ్వు చెడలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

డిసెంబర్ చివరికి కథ తిరగబడింది. పందిరి మొక్క కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వచ్చాయి. బయట తడిసిన మొక్కేమో నిగనిగలాడుతోంది. షీటు వెలుతురు ఆపుతోందేమోనని టెన్షన్ పడి, పలమనేరులో పాలీహౌస్‌లో క్యాప్సికం వేసే మా బావకు ఫోటో పంపాను. ఆయన వెలుతురు సంగతి ఎత్తనే లేదు. "నీళ్లు ఏవి పోస్తా ఉండావు బామ్మర్దీ?" అన్నాడు.

బోరు నీళ్లే. బయట మొక్కలకు రెండు నెలలుగా వాన నీళ్లు అందాయి. పందిరి కింద మొక్కకు వాన ఆపేసి, సున్నం నిండిన బోరు నీళ్లు మాత్రమే పోశాను. మీటరు పెడితే కుండీలోంచి కారే నీటి పీహెచ్ 7 దాటింది. ఆ స్థితిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు, ఆకులు పసుపయింది అందుకే. పందిరి వేసే ప్రతివాళ్లకూ నేను ముందుగా చెప్పాలనుకునేది ఇదే: వానను ఆపితే, ఆ వాన నీటి బాధ్యత కూడా మనదే. మా నీళ్లకు 20 లీటర్ల బకెట్‌కు ఏడెనిమిది గ్రాముల నిమ్మ ఉప్పు పడితే 5.5కు దిగుతోంది. మీ బోరుకు ఎంతో మీరే మీటరుతో చూసుకోండి. నిమ్మ ఉప్పును కుండీలోని సూక్ష్మజీవులు తినేస్తాయి కాబట్టి ఒకసారి వేసి ఊరుకుంటే కుదరదు, పోసే ప్రతిసారీ కలపాలి. దీనితోపాటు ఇనుము చెలేట్ (వేళ్లు తేలిగ్గా తీసుకోగలిగే ఇనుము మందు) కూడా ఇచ్చాను. ఐదు వారాలకు కొత్త చిగురు పచ్చగా వచ్చింది.

ఇంకో తప్పు కూడా చేశాను. పికిలి పిట్టలకు భయపడి పూతప్పుడే పందిరి చుట్టూ సన్న వల బిగించాను. పూలు గంటల్లా తలకిందులుగా వేలాడతాయి, పుప్పొడి సన్నని రంధ్రాల్లోంచి రాలాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో ఝుమ్మని ఊపితేనే బాగా రాలుతుంది. వల ఉన్న పది రోజులూ విచ్చిన పూలలో ఎక్కువ భాగం పిందె కట్టకుండానే రాలిపోయింది. ఇప్పుడు కాయ రంగు తిరిగాకే వల కడుతున్నాను.

ఫిబ్రవరిలో పక్క షీట్లు దించి ఉంచితే మధ్యాహ్నం లోపల 41 డిగ్రీలు చూపింది, బయట 33. ఎండ ముదిరితే ఈ మొక్క ఆకు పని తగ్గించేస్తుంది, కాయ మెత్తబడుతుంది. నాలుగు పక్కల షీట్లూ పైకి చుట్టి కట్టేశాక 35కు దిగింది. మన ఊళ్లో పందిరికి పైకప్పు చాలు, గోడలు వద్దు.

ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడో వారం దాకా కోతలు. పందిరి కాయ పెద్దది, గట్టిది, మీద సహజంగా ఉండే తెల్లటి మైనపు పొర చెదరలేదు, తీపి 12 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత). బయటి కాయ చిన్నది, 13 వచ్చింది, కానీ పడమటి వైపువి మార్చి ఎండకు ముడుచుకుపోయాయి. షేడ్‌నెట్ కింద పూత తక్కువ, పక్వానికి రెండు వారాలు ఆలస్యం, తీపి 10 దాటలేదు. నవంబర్ నుంచి జనవరి దాకా అంత నీడ మొక్కకు నష్టమే. ఒక మాట, నీలం కాగానే కోయకండి. తొడిమ దగ్గర ఎర్ర వలయం పోయేదాకా నాలుగైదు రోజులు ఆగండి, కోశాక తీపి పెరగదు.

ఈ జూన్‌లో షేడ్‌నెట్ మొక్కను కూడా పందిరి కిందికి మార్చాను. నెట్‌ను మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు మాత్రమే లాగేలా తాడు కట్టాను. షీటు అంచుకు సగానికి చీల్చిన పైపు బిగించి 200 లీటర్ల డ్రమ్ములోకి వదిలాను. నిన్న రాత్రి జల్లుకు డ్రమ్ములో జానెడు నీళ్లు చేరాయి, పొద్దున్నే అవే పోశాను.