పల్లెవెలుగు మెట్టు

కుడి మోకాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మా ఖమ్మంలోనే ఉండే ఒక ఫిజియోథెరపీ అతను వచ్చేవాడు. రావడం, కాలు పట్టుకుని వంచేయడం. నేను అరిస్తే "అందరూ అరుస్తారమ్మా, మామూలే" అనేవాడు. ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టాడు. పక్క వీధిలో తుంటి విరిగిన పెద్దాయనకూ అదే కాగితం ఇచ్చాడని తెలిశాక ఇక రావద్దనేశాను.

బెంగళూరు నుంచి మావాడు వీడియో కాల్‌లో చేయించే ఒకమ్మాయిని కుదిర్చాడు. ఫోన్లో కసరత్తేంట్రా అని విసుక్కున్నాను. ఆ అమ్మాయి మొదటి రోజు కాలు ఎత్తమనలేదు, వంచమనలేదు. "కోలుకున్నాక ముందుగా ఎక్కడికి వెళ్ళాలనుందమ్మా?" అని అడిగింది.

"2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళంతా జీరో టికెట్ మీద తిరుగుతున్నారు తల్లీ. ఈ మోకాళ్ళతో నేనే బస్సెక్కలేకపోయాను. మధిరలో మా చెల్లెలింటికి పల్లెవెలుగులో పోవాలి" అన్నాను. నవ్వుతుందనుకున్నా. రాసుకుంది. ఆ బస్సు మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిపించి చెప్పమంది.

మా ఆయన టేపు పట్టుకుని బస్టాండుకెళ్ళారు. "ఏంటి సార్, బస్సు కొంటారా?" అన్నాడట కండక్టరు. పదిహేను అంగుళాలు తేలింది.

ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, తుంటి నుంచి పాదం దాకా పక్క నుంచి కనబడేలా పెట్టేవాళ్ళం. అలా పెడితేనే కాలు ఎంత వంగుతోందో ఆమెకు తెలుస్తుందట. నా మోకాలి కింద దిండు కనబడగానే తీయించింది. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా పెట్టమన్న దిండే అది. పడుకుంటే హాయిగానే ఉంటుంది గానీ, కాలు ఆ వంపులోనే బిగుసుకుపోయి తిన్నగా చాపలేకుండా పోతామట. దాని బదులు మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కమంది. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసుకుంటే పక్క మీద సులువుగా జారుతుంది, కాలు ముడవడం తేలికవుతుంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు క్లాసు, అయ్యాక ఐసు. గడప దగ్గరి పట్టా కూడా తీయించింది, వాకర్ కాలు దానికి తగులుకుంటుందని.

ఫోన్లో ఆమెకు చెయ్యి వేసి చూసే వీలుండదు, అదొక్కటే లోటు. ఒకరోజు పిక్క బరువుగా, వేడిగా అనిపించింది. ఆ మాట అనగానే క్లాసు ఆపేసింది. "పిసకొద్దు, నూనె రాయొద్దు, ఇప్పుడే ఆసుపత్రికెళ్ళి డాప్లర్ స్కాన్ తీయించుకోండి" అంది. ఈ ఆపరేషన్ తర్వాత కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. నాకు గడ్డ లేదు, వాపే. మర్నాడు మళ్ళీ కాల్ చేసి స్కాన్ రిపోర్టు కెమెరా ముందు పెట్టమంది.

మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగాక మెట్టు మొదలైంది. ముందు ఒక ఇటుక, తర్వాత పీట, ఆ తర్వాత పీట మీద పలక. కిటికీ ఊచే బస్సు కమ్మీ, వెనక మా ఆయనే కాపలా. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఆ ఒక్క నియమం ఒంటబట్టడానికే బోలెడు రోజులు పట్టింది. "డ్రైవరు బ్రేకేస్తే?" అని అడిగితే, ఎక్కగానే ముందు సీట్లో కూర్చోమంది. ఊగే బస్సులో నిలబడటం నా పాఠంలో లేదట.

మధిర వెళ్ళాను. చెల్లెలు కింద చాప వేసింది గానీ నేను కుర్చీ అడిగాను. బాసింపట్టు వేయడం ఇక లేదని డాక్టరూ చెప్పారు, ఆ అమ్మాయీ చెప్పింది. పేరంటాల్లో అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీలో ఉండటం ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇప్పుడు ఎడమ మోకాలు మొరాయిస్తోంది. ఈసారి ఆపరేషన్‌కి ముందే ఆ అమ్మాయికి చెప్పాను. తొడ కండరం ఇప్పటి నుంచే గట్టిపడితే తర్వాత తొందరగా లేస్తారంది. సోమవారం నుంచి క్లాసు. ఈసారి ఎక్కడికని అడిగితే భద్రాచలం అన్నాను. గుడి మెట్లు కొలవడానికి మా ఆయన టేపు వెతుకుతున్నారు.