గన్‌మెటల్ డ్రాయింగుతో నైలాన్ బుష్ తీస్తే ఏమవుతుంది

"గన్‌మెటల్ బుష్ అరిగిపోయింది, అదే కొలతలతో నైలాన్‌లో చేసివ్వండి" అని అడిగే ఆర్డర్లు ఎక్కువ. బుష్ అంటే తిరిగే షాఫ్టు (ఇరుసు) చుట్టూ, దాన్ని మోసే హౌసింగు రంధ్రంలో ఉండే గొట్టం; గన్‌మెటల్ ఒక రకం కంచు. కొలతలు మార్చకుండా చేసిస్తే ఆ బుష్ షాఫ్టును పట్టేస్తుంది.

50 మి.మీ. షాఫ్టు, 60 మి.మీ. హౌసింగు రంధ్రం అనుకుందాం. గన్‌మెటల్‌కి హెచ్7/ఎఫ్7 ఫిట్‌లో (రంధ్రానికి, షాఫ్టుకి ఉండే ప్రామాణిక కొలతల జత) వచ్చే 0.025 నుంచి 0.075 మి.మీ. సందు చాలు. కాస్ట్ (పోత పోసిన) నైలాన్‌కి ముందు ప్రెస్ ఫిట్ (బిగుతుగా ఒత్తి ఎక్కించడం) లెక్క చూడాలి. హౌసింగు కంటే బుష్ బయటి వ్యాసం 0.24 మి.మీ., అంటే 0.4 శాతం, ఎక్కువ పెడతాం. ఎక్కించగానే అదంతా లోపలికి వచ్చి బోరు (బుష్ లోపలి రంధ్రం) సుమారు 0.25 మూసుకుంటుంది. షాఫ్టు తిరగడానికి 0.20 సందు కావాలి. ఆపైన తేమ: నైలాన్ 6 మామూలు గాలిలోనే రెండున్నర శాతం దాకా నీరు పీలుస్తుంది, 5 మి.మీ. గోడ ఉబ్బుతుంది, అందుకు ఇంకో 0.10. అన్నీ కలిపి లేత్ మీద బోరు 50.55 తీయాలి. విడి బుష్‌ను షాఫ్టుకి తొడిగి చూసినవాళ్లు లూజుగా ఉందని వెనక్కి పంపేస్తారు. అందుకే "ఎక్కించాక బోరు సుమారు 50.30" అని డ్రాయింగు మీదే రాయించుకోవాలి.

బలంగా ఉంటుందని గోడ 15 మి.మీ. పెట్టమని అడుగుతుంటారు. ఒప్పుకోకండి. గోడ మూడు రెట్లయితే తేమకు బోరు మూసుకోవడమూ దాదాపు మూడు రెట్లవుతుంది, వేడి కూడా బయటికి పోదు.

వేడితో ఇంకో చిక్కు ఉంది. నైలాన్ ఉక్కు కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. నడుస్తూ వేడెక్కిన బుష్‌ను హౌసింగు పెరగనివ్వదు. గంటల తరబడి అలా నొక్కుకుపోయి నైలాన్ ఆ కొలతకే సర్దుకుంటుంది. మిషన్ ఆపాక 30 డిగ్రీలు చల్లారితే 60 మి.మీ. మీద 0.16 దాకా తగ్గుతుంది. అప్పుడు హౌసింగులో వదులై షాఫ్టుతో పాటు బుష్ కూడా తిరుగుతుంది. బాగా వేడెక్కే చోట ప్రెస్ ఫిట్‌నే నమ్ముకోకుండా కాలర్ (చివర వెడల్పు అంచు) పెట్టి స్క్రూలతో బిగించాలి.

ఇక లేత్ పని. అల్యూమినియం కోసం వచ్చే, కోటింగ్ లేని, పాలిష్ చేసిన ఇన్సర్టు (టూలుకి బిగించే కోత ముక్క) వాడండి. ఉక్కుకి వాడే కోటెడ్ ఇన్సర్టు అంచు కాస్త మొద్దుగా ఉంటుంది కాబట్టి కోయకుండా రుద్దుతుంది, నైలాన్ కరిగి అంటుకుంటుంది. 60 వ్యాసానికి 1500 ఆర్‌పీఎం, ఫీడ్ (ఒక్కో చుట్టుకి టూలు జరిగే దూరం) 0.15 మి.మీ. బాగా నప్పుతాయి. బోరుకి పెద్ద డ్రిల్లు ఒకేసారి దింపితే లోపల వేడి చేరి రాడ్ చీలిపోవచ్చు. 20 మి.మీ. డ్రిల్లును దింపుతూ, పైకి తీస్తూ రంధ్రం వేసి, తర్వాత బోరింగ్ బార్‌తో పెంచాలి. చిప్ తెగకుండా రిబ్బన్‌లా చక్‌కి (ముక్కను పట్టి తిప్పే బిగింపు) చుట్టుకుంటుంది. స్పిండిల్ పూర్తిగా ఆగాకే తీయాలి, తిరుగుతుండగా చెయ్యి పెట్టకూడదు.

రఫింగ్‌లో (మొదటి ముతక కోత) పక్కకి 1.5 మి.మీ. వదిలి, ముక్కను చక్‌లోంచి తీసి ఒక రోజు పక్కన పెడితే లోపలి ఒత్తిడి కొంత సడలుతుంది. ఫినిషింగ్‌కి సాఫ్ట్ జాస్ (ముక్క ఆకారానికి కోసుకునే మెత్తని చక్ దవడలు) తప్పనిసరి. మామూలు మూడు జాల చక్ గట్టిగా బిగిస్తే, చక్‌లో గుండ్రంగా కొలత వచ్చిన బోరు వదలగానే మూడు మూలలుగా మారుతుంది.

కొలత దగ్గరే ఎక్కువ గొడవలు. మే నెలలో హైదరాబాద్ బాలానగర్ షెడ్డులో 42 డిగ్రీలుంటే, కస్టమర్ ఏసీ గదిలో 23. ఆ 19 డిగ్రీలకే 50 మి.మీ. బోరు 0.085 తగ్గుతుంది. ప్లాస్టిక్ ముక్కలకు 23 డిగ్రీలు, 50 శాతం తేమ ప్రామాణికం. అలాంటి గదిలో రెండు గంటలుంచి, ప్లగ్ గేజ్‌తో (బోరులో దూర్చి కొలత చూసే కడ్డీ) చూడాలి. మైక్రోమీటరు గట్టిగా తిప్పితే గోడ నొక్కుకుపోయి తప్పు కొలత చూపిస్తుంది.

ఎప్పుడూ నీళ్లలో ఉండే బుష్‌కి నైలాన్ వద్దనే చెప్పండి. అసిటాల్ అనే మరో ప్లాస్టిక్ పూర్తిగా నానినా ఒక శాతం లోపే పీలుస్తుంది. ఇవే లెక్కలు దానికి మళ్లీ వేయాలి: తేమ వాటా దాదాపు పోతుంది, వేడి వాటా అలాగే ఉంటుంది.