తిరగెయ్యని చేప

పదకొండున్నరయింది, నిద్ర రావట్లేదు. వాట్సాప్ గ్రూపులో ఇవాళ్టి ఫొటోలు పెట్టారు, ఒకదాంట్లో నేను నోటిమీద వేలేసుకుని ‘ష్’ అంటూ దొరికిపోయాను. కింద అందరూ దండాలు, చప్పట్లు.

ముందు ఆ ఫొటోల గోల చెప్పాలి. విశాఖలో చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేటలో మేం చెప్పే ఆదివారం కథలకి వచ్చేది ఇరవై మంది పిల్లలు, అందరూ ఆరేళ్ళలోపే, పది నిమిషాలు కుదురుగా కూర్చుంటే గొప్ప. గొంతు పెంచి తగ్గించి, ఆవులా అంబా అని, ఏడు చేపల కథని ఎలాగో అవ్వ దాకా లాక్కొచ్చానా, సరిగ్గా అప్పుడే మాతో వచ్చే ఒకాయన ఫోన్ పట్టుకుని ముందుకొచ్చి ‘పిల్లలూ, ఇటు చూడండి, స్మైల్’ అన్నాడు. ఇరవై తలకాయలూ అటే. మళ్ళీ గడ్డిమోపు దగ్గర్నుంచి మొదలు. సరే, చీమ వచ్చింది, ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అని ముందు వరసలో బుడ్డోడి పొట్ట మీద గిల్లితే వాడు పకపకా నవ్వి వెనక్కి పడిపోయాడు, వాడి మీద ఇంకో ఇద్దరు. ఆయనేమో ‘మేడమ్, ఆ కుట్టనా ఇంకోసారి అనరా, వీడియో పడలేదు’ అంటాడు! ఆ నవ్వు ఆర్డరిస్తే వస్తుందా అండీ?

ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. కానీ ఫొటో జూమ్ చేసి చూస్తే పక్కనో పిల్ల, అరచెయ్యి బోర్లించి మళ్ళీ వెల్లకిలా తిప్పుతూ ఏదో చెప్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఏడో చేప ఎండలేదనగానే లేచి ‘మా మామ్మయితే మద్దేనం ఓపాలి తిరగేస్తాది. మరి ఆళ్ళు తిరగెయ్యలేదేటి?’ అంది. నేను ‘ష్, కథ వినాలమ్మా’ అన్నాను. నెత్తళ్ళు ఎండేసే ఇంటి పిల్లకి చేప ఎందుకు ఎండలేదో నేను చెప్పబోయాను. అంటే కథకి మొదట అడ్డం పడింది ఫోనాయన కాదు.

మధ్యలో ఆపితే పట్టు పోతుందని ఎప్పుడూ నేనే అంటాను. అదే నిజమైతే హుద్‌హుద్ తుఫానప్పుడు అత్తయ్య చేసిందేంటి మరి? 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, మేం పాల ప్యాకెట్ల కోసం లైన్లో నిలబడితే ఈవిడ అపార్ట్‌మెంట్ పిల్లలందర్నీ మెట్లమీద పోగేసి ఇదే కథ. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదూ’ అంటే పిల్లలే ‘తుఫానొచ్చింది!’ అని అరిచేవాళ్ళు. గడ్డిమోపేది? ఎగిరిపోయింది. ఆవేది? టెర్రస్ మీదుంది. ఆవుని కిందికి ఎలా దించాలా అని కొవ్వొత్తి అయిపోయేదాకా కొట్టుకునేవాళ్ళు, చీమ దాకా ఒక్కరోజూ వెళ్ళలేదు. మా బుజ్జిదైతే లిఫ్టులో దించుదామంది, కరెంటు లేదు కదే అని మిగతావాళ్ళు దాన్ని మీదపడి తిట్టారు.

అయినా ఇరవై మందిలో అందరూ మాట్లాడితే కథ ఎప్పటికవుతుంది? అవకపోతే ఏం? ఏమో, ఇందాక ఒకలా అనిపించింది, ఇప్పుడింకోలా.

రాత్రి మాత్రలిస్తూ అత్తయ్యకి ఆ పిల్ల మాట చెప్పాను. నోట్లో నీళ్ళు పొలమారేలా నవ్వి, ‘నలభై ఏళ్ళబట్టీ చెప్తున్నానే, తిరగెయ్యాలని నాకూ తట్టలేదు. ఎవరి పిల్ల?’ అంది.

పేరు అడగలేదు నేను.