డెబ్బై రెండు

పోయిన ఆదివారం స్విమ్మింగ్ పూల్‌లో మా అమ్మాయి గట్టు పట్టుకుని బుసబుసా ఊపిరి తీసి వదులుతోంది. అలా చేస్తే నీళ్లలో ఎక్కువసేపు మునిగి ఉండొచ్చట, ఫ్రెండ్ చెప్పిందట. నేను అరిచిన అరుపుకి పూల్ అంతా ఇటు తిరిగింది. "పరువు తీస్తున్నావ్ నాన్నా" అంది.

ఆ కిటుకు నాకు కొత్త కాదు. అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలమంతా మాకు వ్యవసాయ బావి దగ్గరే మకాం. ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పందెం. నాది నలభై అంకెలు దాటేది కాదు. ఒకరోజు ముందుగా ఇరవైసార్లు గబగబా ఊపిరి పీల్చి వదిలాను. తల తిరిగింది, మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. మునిగితే డెబ్బై దాకా ఊపిరి ఆడనట్టే అనిపించలేదు! రెండోసారి మునగబోతుంటే, మోటారు వేయడానికొచ్చిన మామయ్య జబ్బ పట్టుకుని మెట్ల మీదికి గుంజాడు. "అట్ల చేసి మునిగితే నీకు తెల్వకుండనే పోతవ్ రా" అన్నాడు.

ఆయన చదివింది ఐదో తరగతే. కానీ అన్నది అక్షరాలా నిజం. ఊపిరి బిగబట్టినప్పుడు మనల్ని ముందుగా ఉక్కిరిబిక్కిరి చేసేది ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది పెరిగితే రక్తంలో ఆమ్లగుణం పెరుగుతుంది. మెదడు అడుగున ఉండే మజ్జాముఖం అది పసిగట్టి, ఊపిరి పీల్చమని ఛాతీ కింది ఉదరవితానాన్ని తొందరపెడుతుంది.

గబగబా ఊపిరి వదిలితే ఆ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మెదడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తిరిగేది అందుకే. పోనీ ఆక్సిజన్ అయినా అదనంగా చేరుతుందా అంటే, పెద్దగా లేదు. కరోనా రోజుల్లో వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసుకున్నాం కదా, ఊరికే కూర్చున్నా 97, 98 చూపించేది. నిండిన కుండలో ఇంకెన్ని నీళ్లు పడతాయి? అంటే మనం చేసింది కాపలా కుక్కకు మత్తుమందు పెట్టడమే. ఆక్సిజన్ అడుగంటుతున్నా గాలి కావాలని అనిపించదు, ఉన్నట్టుండి స్పృహ పోతుంది. నేల మీదైతే పడిపోతాం, ఊపిరి దానంతటదే మొదలవుతుంది. నీళ్లలో మొదలైతే లోపలికి పోయేది నీళ్లే. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇలా పోయారు.

ఇదంతా ఇంటికొచ్చే దారిలో చెప్పాను. చివరిదాకా విని, "ఇంతకీ ఆరోజు ఎంత లెక్క వచ్చింది నాన్నా?" అంది.

"డెబ్బై రెండు."

లెక్కపెట్టింది మా తమ్ముడని, నా వంతు వస్తే వాడు అంకెలు గబగబా చదివేవాడని మాత్రం చెప్పలేదు.