చూడకుండా రాసిన కాపీ

ఇంటర్ రెండో సంవత్సరంలో, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలను ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం చాటున చదువుతూ దొరికిపోయాను. మాస్టారు తిట్టలేదు. నవల లాక్కుని, "ఇప్పుడు చదివిన అధ్యాయాన్ని చూడకుండా రాసుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు. రాత్రంతా కూర్చుని రాశాను. అసలు నవల్లో చివరిదాకా దొరకని హంతకుడు నా రాతలో రెండో పేరాకే తేలిపోయాడు. మాస్టారు పడీపడీ నవ్వారు. నవల వారం తర్వాత ఇచ్చారు. అద్దె మాత్రం నేనే కట్టుకున్నాను.

చాలా ఏళ్లకు డిటెక్టివ్ నవలల రచయిత రేమండ్ చాండ్లర్ ఉత్తరాలు చదువుతుంటే ఆ శిక్ష మళ్లీ ఎదురైంది. చాండ్లర్ 1888లో షికాగోలో పుట్టాడు. తండ్రి వదిలేసి పోతే తల్లితో ఇంగ్లండ్ చేరి, డల్విచ్ కాలేజీలో లాటిన్, గ్రీకు చదివాడు. నౌకాదళ శాఖలో గుమాస్తా కొలువు కొంతకాలానికే మానేశాడు. 1912లో అమెరికా వెళ్లిపోయాడు. లాస్ ఏంజెలెస్‌లో చమురు కంపెనీ ఉపాధ్యక్షుడి దాకా ఎదిగి, తాగుడు మూలంగా 1932లో ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు. నలభై నాలుగేళ్ల వయసు, ఆర్థిక మాంద్యం రోజులు.

అప్పుడు మొదలుపెట్టాడు మా మాస్టారి పద్ధతి. మరో డిటెక్టివ్ కథల రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ కథ ఒకటి తీసుకుని, సారాంశం రాసుకుని, దాన్నిబట్టి కథంతా తానే తిరిగి రాసి, అసలుతో పోల్చి చూసుకునేవాడు. మళ్లీ రాసేవాడు. ఆ సంగతి గార్డనర్‌కే ఉత్తరంలో చెప్పాడు: బాగానే కుదిరింది గానీ, అమ్ముకోవడానికి వీల్లేదే అని బాధపడ్డాడట!

సొంత కథ మొదటిది రాయడానికి 5 నెలలు పట్టింది. 1933 డిసెంబరులో 'బ్లాక్ మాస్క్' పత్రిక వేసింది. ముట్టింది 180 డాలర్లు. నెలకు 36 డాలర్లు! డిటెక్టివ్ ఫిలిప్ మార్లో కథానాయకుడిగా తొలి నవల 'ది బిగ్ స్లీప్' 1939లో వచ్చేసరికి ఆయనకు యాభై. దాన్ని సినిమాగా తీసేటప్పుడు, కథలోని కారు డ్రైవరును చంపిందెవరని అడిగితే తనకూ తెలియదన్నాడని చెబుతారు. రెండో పేరాలోనే హంతకుణ్ణి పట్టిచ్చిన నాకు ఎంత ఊరటో! 1954లో భార్య సిస్సీ పోయాక కోలుకోలేదు, 1959లో కన్నుమూశాడు.

కిందటేడు మాస్టారి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత లోపలికి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని, "ఏదీ, ఆ ఉత్తరం ఒకసారి ఇటు ఇవ్వు" అన్నారు.