బెనిన్ పిక్కలు పలాస చేరేదాకా

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని పడగొట్టింది. అంతకుముందే అరకొరగా దొరికే పిక్కలు ఆ తర్వాత పలాస ఫ్యాక్టరీలకు ఏ మూలకీ రాలేదు. మా జీడిపప్పు ఫ్యాక్టరీకి కొన్నేళ్లు పెద్ద దిగుమతిదారుల దగ్గర కొన్నాను. 2023 సీజన్‌కి మాత్రం పశ్చిమాఫ్రికాలోని బెనిన్ నుంచి నేరుగా తెప్పించుకున్నాను.

అక్కడా లెక్క మనలాగే 80 కిలోల బస్తాకే. బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న దాన్ని బట్టే ధర. మాకు 48 పౌండ్లకి, అంటే దాదాపు 21.8 కిలోలకి, బేరం కుదిరింది. బెనిన్ రేవు కోటొనూలో ఎక్కించేముందు తనిఖీ సంస్థ శాంపిల్ పిక్కలు కోసి పుచ్చు, మచ్చ, తేమ చూడాలని, ఆ కాగితం అందితేనే బ్యాంకు ఎల్‌సీ (కాగితాలన్నీ సరిగ్గా ఉంటే అమ్మినవాడికి సొమ్ము ఇస్తానని బ్యాంకు రాసిచ్చే హామీపత్రం) సొమ్ము ఇవ్వాలని షరతు పెట్టాను. కొత్తగా దిగేవాళ్లు ఈ షరతు అస్సలు వదలొద్దు. పిక్క నెలకు పైగా కంటైనర్లో ఉక్కపోతుంది. తేమ ఎక్కువుంటే పప్పు నల్లబడుతుంది.

అసలు పరీక్ష విశాఖ రేవులో ఎదురైంది. 2008లో ఢిల్లీలో జరిగిన తొలి భారత్-ఆఫ్రికా సదస్సులో మన్మోహన్‌సింగ్ బాగా వెనుకబడిన దేశాల సరుకులకి సుంకం రాయితీ ప్రకటించారు. అందులో జీడిపిక్కలూ ఉన్నాయి. అందువల్ల మామూలుగా పడే 2.5 శాతం కస్టమ్స్ సుంకం బెనిన్ పిక్కకి లేదు. పక్కనున్న నైజీరియాకి ఆ రాయితీ వర్తించదు. సరిహద్దు దాటి అక్కడి పిక్కలు బెనిన్ సంతల్లోకి వస్తాయని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. అందుకే సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, చూపించినా సరిపోలేదు. 2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం, సరుకు ఆ దేశంలోనే పండిందనే వివరాలు దిగుమతిదారు దగ్గర కూడా ఉండాలి.

"బాబూ, పిక్కలు ఏ ఊళ్లో కొన్నారో రసీదులు తెప్పించండి" అన్నాడు రేవులో కస్టమ్స్ పనులు చూసే మా క్లియరింగ్ ఏజెంటు. ఎగుమతిదారు బెనిన్‌లోని పరాకూ వైపు కొనుగోలు కేంద్రాల రసీదులు పంపాడు. అన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి, ఇంగ్లీషులోకి రాయించాం. ఈలోగా పిక్క పాడవకుండా, సుంకం మొత్తానికి హామీ కట్టి సరుకు విడిపించుకున్నాను. తర్వాత రాయితీ ఖాయమైంది.

ఆ పనిమీద తిరిగినన్నాళ్లూ ఒక విషయం నన్ను తొలిచింది. పిక్కకి మన తలుపు బార్లా తెరిచి ఉంది, పప్పుకి గడియ పెట్టి ఉంది. 2019 జూన్‌లో పెట్టిన నియమం ప్రకారం కిలో 720 రూపాయలకన్నా చవకైన గుండు పప్పు, 680కన్నా చవకైన బద్ద దేశంలోకి రాకూడదు. ఆ రక్షణ వల్లే మా దగ్గర పప్పు ఒలిచే ఆడవాళ్లకి పని ఉంటోంది. అది పోవాలని నేను కోరుకోను. కానీ బెనిన్ రైతుకి మనం ఇచ్చిన రాయితీ, అతని పంటని ముడిగానే మనకి అమ్మమంటోంది.

2024 ఏప్రిల్ 1 నుంచి బెనిన్ ముడిపిక్కల ఎగుమతి ఆపేసింది. కోటొనూ దగ్గర గ్లో-జిగ్బే పారిశ్రామికవాడలో అక్కడివాళ్లే పప్పు తీస్తున్నారు. మా వ్యాపారుల్లో కొందరు మండిపడ్డారు. నేను వాళ్లతో కలవలేదు. ఉద్దానం పిక్కని పలాసలోనే ఒలిచి ఎదిగినవాళ్లం, ఆ పని మీరు చేయొద్దని బెనిన్‌వాళ్లకి ఏ మొహంతో చెబుతాం?

ఇప్పుడు టాంజానియా వైపు చూస్తున్నాను. రాయితీ దానికీ ఉంది. ఈసారి కొనుగోలు రసీదులు చేతికందాకే ఎల్‌సీ తెరుస్తాను.