కొలతకు పెట్టిన తల

సెల్‌ఫోన్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేశాను. మా రోజంతా ఒక బోలు తలతోనే గడిచేది. దాని కుడి సగం, ఎడమ సగం విడివిడిగా బల్లలోకి దించి ఉండేవి. అందులో 15 సెంటీమీటర్ల లోతున ఒక ద్రవం పోస్తాం. రేడియో తరంగాలు మన తలలో ఎలా ఇంకుతాయో ఆ ద్రవంలోనూ అలాగే ఇంకాలి. అడుగు నుంచి ఫోన్‌ని చెంపకు ఆనించి బిగిస్తాం, తర్వాత 15 డిగ్రీలు వంచి మళ్లీ బిగిస్తాం. పైనుంచి రోబో చెయ్యి సన్నటి ప్రోబ్‌ని ద్రవంలో కొద్దికొద్దిగా జరుపుతూ కొలుస్తుంది. ఆఖరికి వచ్చేది ఒక్క అంకె. అమెరికాకు వెళ్లే ఫోనైతే, ఏ 1 గ్రాము కణజాలంలోనూ ఇంకే రేడియో శక్తి సగటున కిలోకి 1.6 వాట్లు దాటకూడదు. దాటకపోతే సంతకం పెట్టేసేవాళ్లం.

ఆ తల ఎవరిదని నేను చాలాకాలం అడగనేలేదు. అమెరికా సైనికుల కొలతల్లోంచి తీసిన, పెద్ద సైజు మగవాడి తల అది.

ఆ 1.6ని అక్కడ ఫోన్లు, రేడియో తరంగాల నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1996లో ఖరారు చేసింది. జంతువుల మీద ప్రయోగాల్లో, ఒళ్లంతా సగటున కిలోకి 4 వాట్ల దగ్గర వాటి ప్రవర్తన దెబ్బతిన్నది. సామాన్య జనానికి దాన్ని 50తో భాగించి 0.08 అన్నారు. తల వంటి ఒక్క భాగానికే అయితే 1.6. ఈ లెక్కంతా ఆ తరంగాలు ఒంట్లో పుట్టించే వేడి చుట్టూ అల్లుకున్నదే. వీటిని మార్చాలా అని ఎఫ్‌సీసీయే 2013లో జనాన్ని అడిగింది, 2019 డిసెంబరులో అక్కర్లేదని ఆ ఫైలు మూసేసింది. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ట్రస్ట్, చిల్డ్రన్స్ హెల్త్ డిఫెన్స్ అనే సంస్థలతో పాటు కొందరు పౌరులూ కోర్టుకెక్కారు.

వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు 2021 ఆగస్టు 13న తీర్పిచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు పౌరుల వైపు నిలిచారు, జడ్జి హెండర్సన్ విభేదించారు. రేడియేషన్ హానికరమని కోర్టు తేల్చేసిందంటూ ఈ తీర్పుని పంచుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. సైన్సు వివాదంలో తాము ఏ పక్షమూ కాదని జడ్జీలు స్పష్టంగానే రాశారు. క్యాన్సర్ విషయంలో ఎఫ్‌సీసీ ఇచ్చిన జవాబు చాలన్నారు కూడా. తప్పుపట్టింది మరొకటి: క్యాన్సర్ కాని ఇతర హానుల గురించి జనం దాఖలు చేసిన ఆధారాలకు కారణాలతో జవాబు చెప్పకపోవడం.

అమెరికాలో ఆహారం, మందుల వ్యవహారాలు చూసే ఎఫ్‌డీఏ మాటల్ని ఎఫ్‌సీసీ ముందుపెట్టింది. వాటిలో తీర్మానమే తప్ప వివరణ లేదంది కోర్టు. మిగతా శాఖలేవీ అభ్యంతరం చెప్పలేదు కదా అని కూడా ఎఫ్‌సీసీ వాదించింది. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఈ కోర్టు ఒప్పుకోలేదు. ఆ శాఖలు అసలు ఆ ఆధారాల్ని చూశాయో లేదో కూడా మౌనం చెప్పదు అంది. ఆ పేజీని నేను మూడుసార్లు చదివాను.

ఎఫ్‌సీసీ కారణాలు చెప్పాల్సినవాటిని కోర్టు చివర్లో వరసగా రాసింది. మొట్టమొదటిది ఫోన్లను పరీక్షించే పద్ధతి, అంటే నా పని. ఒంటి మీద పెట్టుకునే ఫోన్‌ని పరీక్షించేటప్పుడు కొన్ని మిల్లీమీటర్ల ఎడం వదిలి కొలిచేవాళ్లం. మధ్యలో తెల్ల ఫోమ్ ముక్క పెట్టి, స్కేలుతో సరిచూసేవాణ్ణి. పని ముగిశాక అదే ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి. అప్పుడు మధ్యలో ఫోమ్ ముక్క ఏదీ?

తర్వాతవి పిల్లలు, ఏళ్ల తరబడి సోకే రేడియేషన్, 1996 తర్వాత మారిపోయిన సాంకేతికత, పర్యావరణం.

మా అక్కకు పాప పుట్టినప్పుడు, పక్క మీద ఫోన్ పెట్టుకోవచ్చా అని నన్నడిగింది. 1.6 కన్నా తక్కువే, భయపడకు అన్నాను. తను అడిగింది పసిపిల్ల గురించి, నేను చెప్పింది సైనికుడి తల గురించి. మొన్న ఫోన్ చేసి అక్కకి ఆ సంగతి చెప్పాను. ఆ అంకె ఎవరి తల మీద కొలిచిందో, పిల్లల మాటేమిటని కోర్టు ఎందుకడిగిందో మొదట్నుంచీ వివరించాను. అంతా విని, "మరి అప్పుడే చెప్పలేదేంరా?" అంది. నాకూ అప్పటికి తెలియదక్కా అన్నాను.